శాలువా కప్పించుకున్న శుభవార్త

మూడో రోజు కూడా కుబాత్ గుమ్మం ఎక్కలేదు. గేటు దాటి వచ్చి, పెరట్లో బంగాళదుంపల బస్తాల దగ్గర ఆగిపోయి, చెప్పేదేదో ఇక్కడి నుంచే చెబుతానన్నాడు.

"లోపలికి రారా. వేడిగా టీ తాగుదువుగాని," అంది తల్లి బురుల్చా.

"వద్దమ్మా. ఈ ఇంట్లో గుసగుసలాడినా సాయంత్రానికి బజారులో వినబడుతోంది. ఆరుబయటే మాట్లాడుకుంటే నీకు మోసే శ్రమ తప్పుతుంది."

ఎత్తిపొడుపు తనకేనని బురుల్చాకు తెలుసు. అరవై ఆరేళ్ల బతుకులో తాను చేసిన తప్పులు చాలా తక్కువనీ, వాటిలోనూ సగం మొగుడి మూలంగా జరిగినవేననీ ఆమెకు గట్టి నమ్మకం. కాని మంగళవారం జరిగినదాన్ని మాత్రం ఎవరి నెత్తిన రుద్దుదామన్నా కుదరడం లేదు. మూడు రోజులుగా ప్రయత్నిస్తూనే ఉంది.

ఆ మంగళవారం పొద్దున ఆమె పాలబకెట్టుతో కొట్టంలోంచి వస్తుంటే పొరుగింటి జూరా రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, "సుయూంచూ వదినా, సుయూంచూ" అంది. శుభవార్త మోసుకొచ్చినవాళ్లు ముందు ఆ మాట అంటారు. కానుక చేతిలో పడ్డాకే వార్త నోట్లోంచి బయటికి వస్తుంది. చేతికందింది ఇచ్చేయాలి తప్ప, ఏమిటా వార్త అని ముందే ఆరా తీయకూడదు. చిన్నకోడలి గురించి నాలుగేళ్లుగా ఏ కబురు కోసం చెవులు రిక్కించుకుని ఉందో ఆ కబురే అనుకుంది బురుల్చా. బకెట్టు దించి, తల మీది మేక ఉన్ని శాలువా తీసి జూరా భుజాల చుట్టూ కప్పింది.

తీరా చూస్తే కబురు వేరే. చిన్నకోడలు బేగాయిమ్ నడిపే 'కర్కీరా' వారపత్రికకు ఇంకో రెండేళ్లు డబ్బిస్తామని యూరపులోని సంస్థ ఒకటి ఉత్తరం పంపిందట. జూరా ఆ పత్రిక ఆఫీసులో ఊడ్చి, టీ కాచే మనిషి. ఉత్తరం పైకి చదువుతుంటే విన్నది. ఎక్కడా అనకండని బేగాయిమ్ చెప్పేసరికి ఆమె వీధి మలుపు దాటేసింది.

ఆ శాలువా కప్పుకుని జూరా రోజంతా బజారులో తిరిగింది. ఎక్కడిదని అడిగినవాళ్లకల్లా కథ మొదటి నుంచీ చెప్పింది. అడగనివాళ్లకు కూడా చెప్పిందని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి సారీ-కెచూ ఊళ్లో ఆ సంగతి ఎరగనివాడు లేడు. కుబాత్ జిల్లా అధికారి ఆఫీసులో కాలువల విభాగానికి పెద్ద. అతనికి మాత్రం పైఅధికారే స్వయంగా పిలిచి చెప్పాడు.

అక్కడే వచ్చింది చిక్కు. పరాయి దేశాల డబ్బు తీసుకుని ఊరి వ్యవహారాలు రాసేవాళ్లు 'విదేశీ ప్రతినిధి' అని ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవాలి, ఆ మాట పత్రికలో అచ్చు వేయాలి. అలా చట్టం వచ్చింది. ఒక ఇంట్లో ఒకరు అలా రాయించుకుంటే అదే ఇంటి సర్కారు ఉద్యోగి కుర్చీ కదులుతుందని చట్టంలో ఎక్కడా లేదు గాని అందరికీ తెలుసు. డబ్బు వద్దంటే పత్రిక వచ్చే వారంతో సరి. ఏ సంగతో శుక్రవారం మధ్యాహ్నంలోగా తేల్చాలి. గుట్టుగా కూర్చుని ఆలోచించుకుందామనుకున్న బేగాయిమ్‌కు ఆ వీలు లేకుండా చేసింది అత్తగారి శాలువా.

ఇవాళే శుక్రవారం. బురుల్చాకు పెద్దకొడుకు ఉద్యోగమూ ఉండాలి, చిన్నకోడలి పత్రికా ఉండాలి. రెండూ ఉండే దారి ఏదైనా ఉంటే తన నోరు కుట్టేసుకోవడానికైనా ఆమె సిద్ధమే. జూరా నిన్న కళ్లనీళ్లతో శాలువా తిరిగి ఇవ్వబోయింది కూడా. ఇచ్చిన కానుక వెనక్కి తీసుకుంటే ఏ ముఖం పెట్టుకుని వీధిలో తిరగాలని బురుల్చా ఆమెను కసిరి పంపేసింది.

పిండి చేతులు తుడుచుకుంటూ బేగాయిమ్ బయటికి వచ్చింది. ఆమె మొగుడు సంజర్, ఈ ఇంటి చిన్నకొడుకు, తన మినీబస్సు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రెండు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. మంగళవారం నుంచి బండి బాగు చేస్తూనే ఉన్నాడు. బండికి ఏ జబ్బూ లేదని బురుల్చాకు తెలుసు. అన్నకూ పెళ్లానికీ మధ్య ఆ పెరట్లో వేరే చాటు లేదు పాపం.

కుబాత్ గొంతు తగ్గించి, చదువుకున్నవాడిలా నెమ్మదిగా చెప్పాడు. జిల్లా అధికారి చెడ్డవాడేం కాదు. కర్కీరాను జిల్లా తరఫున నడపడానికి ఒప్పుకున్నాడు. అచ్చు ఖర్చూ వాళ్లదే, జీతాలూ వాళ్లవే. కొత్త కంప్యూటర్ కూడా ఇస్తామన్నారు. సంపాదకురాలు బేగాయిమే. ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు, ఏ ముద్రా వేసుకోనక్కర్లేదు.

బేగాయిమ్ అంతా విన్నది. "ఇంకేమైనా ఉందా బావగారూ?" అని అడిగింది.

"ఇంకేముంటుంది? ఆ ఎగువ కాలువ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టు."

"కొన్నాళ్లంటే?"

"వచ్చే పంట దాకా."

బండి కింద నుంచి సంజర్ గొంతు వినిపించింది. "అప్పటికి మన దుంపలు బఠాణీలవుతాయి అన్నయ్యా."

"నువ్వు బండి సంగతి చూడు," అన్నాడు కుబాత్.

బస్తాల్లో దుంపలు ఇప్పటికే అక్రోటు కాయలంత ఉన్నాయి. ఎగువ కాలువ బాగుచేశామని వసంతంలో పెద్ద బోర్డు పాతారు. నీళ్లు ఆ బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. రెండు నెలలుగా బేగాయిమ్ ఆ కాలువ గట్టు వెంబడి తిరిగి రైతులను అడిగింది, ఫొటోలు తీసింది, ఊరూరా వివరాలు రాసుకుంది. పని పూర్తయిందని కాగితం మీద సంతకం పెట్టిందెవరో అదొక్కటే ఆమెకు ఇంకా దొరకలేదు. కుబాత్‌ను అడిగితే అలాంటివి పైఆఫీసులో పెడతారని దాటేశాడు. అది దొరక్కుండా అచ్చు వేయనని ఇంట్లో చాలాసార్లు అన్నది.

"ఆ యూరపువాళ్లు ఊరికే ఇస్తారా డబ్బు?" అన్నాడు కుబాత్. ఇప్పుడు గొంతు కొంచెం పెరిగింది. "ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్లకి సారీ-కెచూ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? వాళ్లకేం కావాలో ఎప్పుడైనా అడిగావా?"

"అడగడమెందుకు బావగారూ, వాళ్లే చెబుతారు. కొండల మీద మంచు కరిగిపోతోందని రాయాలి. కిందటేడు ఆరుసార్లు రాశాను. ఆ కొండ మీద ఇప్పుడు మంచు కన్నా నా వ్యాసాలే ఎక్కువున్నాయి. ఊళ్లో ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చినట్టు ఫొటోలు పంపాలి. అత్తయ్యని మూడుసార్లు కూర్చోబెట్టాను."

అది నిజమే. మూడు ఫొటోల్లో మూడు రంగుల తలగుడ్డలతో బురుల్చా ముందు వరసలోనే ఉంది. ఏం శిక్షణో ఆమెకు ఇప్పటికీ తెలియదు. బిస్కెట్లు మాత్రం బాగున్నాయి.

"అన్నీ కోరారు గాని, కాలువ గురించి రాయొద్దని వాళ్లు ఒక్కసారి కూడా అనలేదు," అంది బేగాయిమ్.

"వాళ్లకి మన కాలువ ఎక్కడుందో తెలిస్తే కదా."

"తెలియకపోవడమే నాకు కలిసొచ్చింది."

కుబాత్ మొహం ఎర్రబడింది. ఉత్తర దిక్కున కొండల వైపు తల తిప్పుకున్నాడు. బురుల్చా ఒకసారి కొడుకును, ఒకసారి కోడలిని చూసింది. ఏదన్నా ఒక మాట వేసి వాతావరణం తేలిక చేద్దామనుకుంది. ఇన్నాళ్లూ ఆ పని ఆమెదే. కాని మంగళవారం నుంచి ఆమె ఏం మాట్లాడినా ఇంట్లో అందరూ ఒక్కసారి ఉలిక్కిపడుతున్నారు.

"నీ పత్రిక మీద ఆ మాట పడితే అది నీ ఒక్కదాని పేరు కాదు. మా అందరిదీను," అన్నాడు చివరికి కుబాత్. "నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు. బళ్లో వాళ్లని ఏమంటారో ఆలోచించుకో. మధ్యాహ్నం మా ఆఫీసు మెదెర్ నమోదు కాగితం పట్టుకొస్తాడు. సంతకం పెడతావో, అక్కర్లేదని పంపేస్తావో నీ ఇష్టం."

వెళుతూ వెళుతూ గేటు కూడా సరిగా వేయలేదు. బూట్లు రెండూ బండి కింద కదలకుండా ఉన్నాయి.

"పోయాడులే, రా బయటికి," అంది బురుల్చా.

"ఇంకో నట్టు బిగించాలమ్మా," అన్నాడు సంజర్.

లోపల కిటికీ పక్కన పెద్దాయన మురాతాలి కూర్చుని చాకు నూరుతున్నాడు. మూడు రోజులుగా ఆయన నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. సోవియట్ రోజుల్లో జిల్లా పత్రిక అచ్చాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. ఎదుటివాళ్ల మాటలన్నీ తాను పేర్చీ పేర్చీ సొంత మాటలు మరిచిపోయాడని బురుల్చా ఎప్పుడూ దెప్పుతుంటుంది. మామూలు రోజుల్లో ఆ మౌనం ఆమెకు హాయి. ఈ మూడు రోజులూ మాత్రం ఒళ్లు మండిపోతోంది.

గౌరవమున్నవాళ్లకు టీ కప్పులో సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయడానికి. ఇక లేచి వెళ్లమని చెప్పాలంటే అంచు దాకా నింపుతారు. బురుల్చా మొగుడి కప్పు అంచు దాకా నింపి, పొర్లేలా ఆయన ముందు పెట్టింది. ఆయన ఆ కప్పు చూశాడు, పెళ్లాన్ని చూశాడు, ఒక్క చుక్క ఒలకకుండా తాగేసి మళ్లీ చాకు అందుకున్నాడు.

"ఇంటికి పెద్ద కదా మీరు. ఏదో ఒకటి అనకూడదూ?" అంది బురుల్చా.

ఆయన చాకు పదును బొటనవేలితో చూసుకున్నాడు.

బేగాయిమ్ పిండి ముద్ద దగ్గరికి వచ్చి కూర్చుంది. కర్ర తీసుకుంది గాని ఒత్తలేదు. తల వంచుకునే, వాళ్లకు వద్దని రాసేస్తానంది. జిల్లావాళ్ల డబ్బూ వద్దు, అవతలివాళ్ల డబ్బూ వద్దు. వచ్చే వారం ఆఖరి సంచిక వేసి తాళం పెట్టేస్తుంది. బావగారికి పిల్లలున్నారు. తనకేం, బళ్లో టీచరు ఉద్యోగం ఖాళీగా ఉందట. జూరాకి కూడా అక్కడే ఊడ్చే పని ఇప్పిస్తుంది.

ఇల్లు చక్కబడింది, కోడలు తనంతట తానే తగ్గింది. ఏ అత్తగారైనా సంతోషించాల్సిన మాటే. బురుల్చాకు మాత్రం సంతోషం రాలేదు. పెళ్లైన కొత్తలో ఈ పిల్లకు రొట్టె కాల్చడం కూడా రాదని ఊరంతా చెప్పుకుంది ఆమె. ఇప్పటికీ సరిగా రాదు. అయినా ఎవరికీ రాని ఇంకేదో ఈ పిల్లకు వచ్చు. కిందటేడు పింఛన్లు మూడు నెలలు ఆగిపోతే వీధిలో ముసలమ్మలంతా ఎవరిని అడగాలో తెలియక బురుల్చా వంటింట్లో కూర్చుని ఏడ్చారు. కర్కీరాలో నాలుగు వరసలు పడ్డాయి, ఆ వారంలోనే పింఛన్లు వచ్చాయి. ఆ రోజు బురుల్చా పత్రిక చంకలో పెట్టుకుని, తానే రాసినట్టు ఊరంతా తిరిగింది.

"మూడుసార్లు ఫొటో తీసుకున్నావు నన్ను. శిక్షణ మాత్రం ఒక్కసారి కూడా ఇవ్వలేదు," అంది కోడలితో. "అది ఇవ్వకుండా తాళం వేస్తే నేను ఊరుకోను."

బేగాయిమ్‌కు నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిండి చేత్తోనే తుడుచుకుంది. ముక్కు మీద తెల్లగా పిండి అంటుకుంది.

అంతలో గేటు చప్పుడైంది. జిల్లా ఆఫీసులో కాగితాల పనులు చూసే మెదెర్ ఫైలు పట్టుకుని వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల మనిషి, మొహమాటస్తుడు. నమోదు కాగితం రాజధానికి ఇవాళే పోవాలనీ, అమ్మాయి సంతకం పెడితే పట్టుకుపోతాననీ, పెట్టకపోతే ఆ ముక్కే వెళ్లి చెబుతాననీ గుమ్మంలోనే నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"రొట్టె తుంచకుండా గుమ్మంలోంచి పోతావా ఏమిటి? నీకు మీ అమ్మ ఏం నేర్పింది?" అంది బురుల్చా.

అది కాదనగలిగే మాట కాదు. ఎంత తొందరలో ఉన్నవాడైనా, ఎలాంటి పని మీద వచ్చినవాడైనా ఇంట్లో రొట్టె ఒక ముక్క నోట వేసుకునే వెళ్లాలి. మెదెర్ బూట్లు విప్పి లోపలికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని పెద్ద ముక్కే తుంచుకున్నాడు. బాగుందన్నాడు.

"బాగుండక ఏం. మంచి పిండి," అంది బురుల్చా. "బేగాయిమ్ జీతంతో కొన్నదే. ఆ జీతం ఎక్కడ నుంచి వస్తుందో నీకు తెలుసు కదా."

మెదెర్ నమలడం ఆపేశాడు. ఉమ్మేయడానికి వీల్లేదు, మింగడానికి ధైర్యం లేదు. బుగ్గ ఒకవైపు ఉబ్బి, ఆఫీసు ఫైలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చివరికి గుటుక్కున మింగి, "అయితే నేను కూడా పేరు రాయించుకోవాలేమో పెద్దమ్మా," అన్నాడు.

కిటికీ దగ్గర ఏదో చప్పుడైంది. మురాతాలి నవ్వుతున్నాడు. బురుల్చా ఆశ్చర్యంగా అటు తిరిగింది. ఆయన చాకు పక్కన పెట్టి, ఆ కాగితం ఇలా ఇమ్మన్నాడు. మూడు రోజుల తర్వాత ఆయన అన్న మొదటి మాట అది.

కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పాత అలవాటు ప్రకారం ఒక్కో అక్షరం వేలితో తడుముతూ ఆసాంతం చదివాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్లు పేర్చాను," అన్నాడు. "కాగితం మాస్కో నుంచి వచ్చేది. సిరా అక్కడిదే. ఏం రాయాలో అదీ అక్కడి నుంచే వచ్చేది. డబ్బెక్కడిదో పత్రికలో వెయ్యమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. వేసుంటే బాగుండేది. చదివేవాడికి తెలిసేది."

సంజర్ ఎప్పుడు వచ్చాడో గాని నూనె చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆ మాట కింద చిన్నక్షరాల్లో వెయ్యకు," అన్నాడు మురాతాలి కోడలితో. "దాచినట్టుంటుంది. పైన వెయ్యి, పత్రిక పేరు పక్కనే. పెద్దగా. నాలాంటి చూపున్నవాడికి కూడా కనబడాలి. డబ్బెవరిదో ముందే చెప్పేస్తే, కాలువలో నీళ్లున్నాయో లేవో జనం వెళ్లి వాళ్ల కళ్లతో చూసుకుంటారు."

"మరి బావగారు?" అంది బేగాయిమ్.

"వాడి వయసు నలభై మూడు," అన్నాడు పెద్దాయన. మళ్లీ చాకు అందుకున్నాడు.

తండ్రులకు ఇలాంటివి చెప్పడం సులువు. బురుల్చాకు కుబాత్ ఎర్రబడ్డ మొహమే కళ్ల ముందుంది. వద్దు, ఇంకాస్త ఆగు అందామని నోటి దాకా వచ్చింది. కాని ముక్కు మీద పిండితో కోడలు తన వైపు చూసి, అడుగుతున్నట్టు కనుబొమలు ఎత్తింది. అత్తగారు కాదంటే ఆ పిల్ల నిజంగానే ఆగిపోతుంది. ఆ సంగతి బురుల్చాకు తెలుసు. సంతకం పెట్టమన్నట్టు తల ఊపింది.

బేగాయిమ్ సంతకం పెట్టింది. సంజర్ పెళ్లాం భుజం మీద చెయ్యి వేసి, ఇక ఈ ఇంట్లో విదేశీ ప్రతినిధికి తానే డ్రైవరునని, జీతం పెంచమని అడిగాడు. అందరూ నవ్వారు. మెదెర్ కూడా ఇంకో ముక్క రొట్టె తుంచుకున్నాడు.

ఆ తర్వాత అతను ఫైలు అడుగు నుంచి అంటించి ఉన్న కవరు ఒకటి తీశాడు. ఇవ్వాలో మానాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"కుబాత్ గారు ఇచ్చారు పెద్దమ్మా. ఇందాక ఇక్కడి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి రాశారు. మీ కోడలు సంతకం పెట్టకపోతే విప్పకుండా తిరిగి తెచ్చెయ్యమన్నారు. పెడితే మాత్రం మా అమ్మకి ఇవ్వు, జిల్లా అధికారికి ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యి, చింపెయ్యమంటే చింపెయ్యి, ఆవిడ ఎలా అంటే అలా అన్నారు. ఏం రాశారో నేను చూడలేదు."

బురుల్చా కవరు చింపింది. లోపల కొడుకు చేతిరాత, నాలుగే వరసలు. ఏ కాగితం చేతికొచ్చినా పైకి చదివే మనిషి ఈసారి పెదవులు కూడా కదపలేదు.

ఎగువ కాలువ పని పూర్తయిందని సంతకం పెట్టింది నేను. పెట్టమన్నారని పెట్టాను. పని పూర్తి కాలేదు, కర్కీరా వేయబోయేది నిజం. అందువల్ల ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను.

మళ్లీ చదివింది. కొడుకు మూడు రోజులుగా గుమ్మం ఎక్కనిది తన మీద కోపంతోనని ఎంత కుమిలిపోయింది. తండ్రి ఎదుట కూర్చోలేక ఎక్కలేదు వాడు. కొడుకు మీద ఒళ్లు మండింది ఆమెకు. ఆ వెంటనే జాలి ముంచుకొచ్చింది. ఆ రెండింటి మధ్యా ఎక్కడో కాస్త గర్వం కూడా తగిలింది, అది దాచుకోవడం ఎలాగో తెలియలేదు.

"పన్నెండున్నరకి జిల్లా అధికారి కారెక్కేస్తాడు పెద్దమ్మా," అన్నాడు మెదెర్, ఫైలు సర్దుకుంటూ. "ఇచ్చెయ్యనా, చింపెయ్యనా?"

మురాతాలి కిటికీ దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏముంది అత్తయ్యా అందులో?" అని అడిగింది బేగాయిమ్. రెండు నెలలుగా ఆమె ఊరంతా గాలిస్తున్న పేరు అత్తగారి చేతిలోనే ఉందని ఆమెకు తెలియదు. ఇచ్చెయ్యమంటే కొడుకు కుర్చీ పోతుంది, చింపెయ్యమంటే కోడలికి ఆ పేరు ఎప్పటికీ దొరకదు.

బురుల్చా కాగితం మీది నుంచి తల ఎత్తి, కోడలి చేతిలో ఇంకా మూత పెట్టని పెన్ను వైపు చూసింది.